గొంతులో పిల్లి, గొంతులో కప్ప



మేము పుదుచ్చేరిలో పనిచేసిన రోజుల్లో జరిగిన చిన్న సంగతితో మొదలుపెడతాం. ఆ ఊరు, కాకినాడ పక్కనున్న మన యానాంతో సహా, 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండేదని మీరు చదివే ఉంటారు. ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలు నేటికీ అక్కడ ఉన్నాయి. మా పక్కింటివారూ అలాంటివారే. వాళ్ల పదకొండేళ్ల అబ్బాయి చదువంతా ఫ్రెంచిలో సాగేది. ఇంగ్లీషు కోసం వారానికి రెండుసార్లు వేరే క్లాసుకు వెళ్లేవాడు. అక్కడ మిగతావాళ్లంతా ఇంగ్లీషు మీడియం పిల్లలు.

ఒక సాయంత్రం ముఖం చిన్నబుచ్చుకుని మా వరండాలో కూర్చున్నాడు. ఆరోజు గొంతు బొంగురుపోయి పాఠం చదవలేకపోయాడట. ఏమైందని అడిగితే 'ఐ హావ్ ఎ క్యాట్ ఇన్ మై త్రోట్' అన్నాడట. క్లాసంతా గొల్లుమంది. "పిల్లిని మింగావా?" అని ఇంటిదాకా ఏడిపించారు. ఆ తర్వాత రెండు వారాలు ఆ క్లాసులో అతను నోరు విప్పలేదు.

నిజానికి అతను అన్నదాంట్లో తెలివితక్కువతనం ఏమీ లేదు. గొంతు పట్టేస్తే ఫ్రెంచివాళ్లు 'గొంతులో పిల్లి ఉంది' అంటారు. ఇంగ్లీషువాళ్లు 'ఎ ఫ్రాగ్ ఇన్ ద త్రోట్' అంటారు. కప్పను మింగితే ఎవరూ నవ్వరు, పిల్లిని మింగితే నవ్వుతారు! ఆ అబ్బాయికి చెప్పవలసిన మాట ఒక్కటే: "మీ ఇంట్లో పిల్లి, వాళ్లింట్లో కప్ప." ఆ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు.

కొత్త భాష నేర్చుకునేటప్పుడు 'ఇంటి భాష మరిచిపో, ఆ భాషలోనే ఆలోచించు' అని చాలామంది సలహా ఇస్తారు. దీనితో మేము ఏకీభవించం. జాతీయాల విషయంలోనైతే అసలే ఏకీభవించం. ఇంటి మాటను పక్కన పెట్టుకుని పోల్చి చూసినవారికే పరాయి నుడికారం పట్టుబడుతుందని మా అనుభవం. ఆ అబ్బాయితో కలిసి ఆ ఏడాది మేము చేసింది ఆ పనే. ఇంగ్లీషు జాతీయాలను మూడు గంపల్లోకి ఏరాం.

మొదటి గంపలో అర్థమూ బొమ్మా రెండూ కలిసేవి. పిల్లి లేకపోతే ఎలుకలు ఆడుకుంటాయని ఇంగ్లీషు అంటే, ఎలుకలు నాట్యం చేస్తాయని ఫ్రెంచి అంటుంది. 'బెల్ ద క్యాట్' అన్నా, ఫ్రెంచిలో 'గంట కట్టడం' అన్నా, మనం 'పిల్లి మెడలో గంట కట్టేదెవరు' అన్నా ఒకటే ఎలుకల సభ కథ. ఫ్రెంచి కవి లా ఫోంతేన్ కూడా ఆ కథను పద్యంలో చెప్పాడు. ఈ గంపలోవి వెంటనే వచ్చేస్తాయి.

రెండో గంపలో అర్థం ఒకటే, బొమ్మ వేరు. ఉన్నదున్నట్టు చెప్పడాన్ని ఇంగ్లీషువాళ్లు 'పారను పార అనడం' అంటారు. ఫ్రెంచివాళ్లు 'పిల్లిని పిల్లి అనడం' అంటారు. మనం కుండ బద్దలు కొడతాం. నాకు వేరే పనులున్నాయి అనడానికి ఇంగ్లీషువాడికి వేయించాల్సిన చేపలు వేరే ఉంటాయి, ఫ్రెంచివాడికి కొరడాతో కొట్టాల్సిన పిల్లులు వేరే ఉంటాయి! జోరువాన వస్తే ఇంగ్లీషులో పిల్లులూ కుక్కలూ కురుస్తాయి. ఫ్రెంచిలో తాళ్లు కురుస్తాయి. మనకు కుండపోత. మీరు నేర్చుకున్న హిందీలో 'మూసలాధార్', అంటే రోకలి లావు ధార. నాలుగు భాషలవాళ్లూ తడిసింది ఒకే వానలో.

మూడో గంప ప్రమాదకరమైనది. బొమ్మ ఒకటే, అర్థం వేరు. ఎవరైనా మాట్లాడకుండా నిలబడితే 'నీ నాలుక పిల్లి ఎత్తుకుపోయిందా' అని ఇంగ్లీషువాళ్లు అడుగుతారు. ఫ్రెంచిలో 'నా నాలుక పిల్లికిచ్చేశాను' అంటే పొడుపుకథ విప్పలేక ఓటమి ఒప్పుకున్నాను, నువ్వే చెప్పు అని. నాటకానికి వెళ్లే నటుడితో ఇంగ్లీషువాళ్లు 'బ్రేక్ ఎ లెగ్' అంటే అది శుభాకాంక్ష. ఫ్రెంచిలో ఎవరి పాదాలైనా విరగ్గొట్టడమంటే వాళ్లను విసిగించడం. మన ఇళ్లలో 'కాళ్లు విరగ్గొడతా' అంటే ఏమిటో మీకు మేము చెప్పనక్కర్లేదు. ఇక గొంతులో మనకు అడ్డం పడేది పిల్లీ కాదు, కప్పా కాదు, పచ్చి వెలక్కాయ. కానీ అది గొంతు బొంగురుకు కాదు, జవాబు తోచని ఇబ్బందికి. ఎప్పుడు, ఎవరు, ఎవరితో అంటారో తెలియకుండా ఈ గంపలో చెయ్యి పెట్టకూడదు.

'ఇలా పోల్చుకుంటూ కూర్చుంటే పిల్లలు ఇంటి భాషను మాటకు మాట దించేస్తారు కదా' అని తోటి ఉపాధ్యాయులు కొందరు మాతో వాదించారు. మా సమాధానం ఇది: పిల్లలు మాటకు మాట దించేది పోల్చడం నేర్పనప్పుడే. మన తల్లులు 'కడుపు చల్లగా ఉండాలి' అని దీవిస్తారు. చలిదేశపు భాషలో చల్లదనం దీవెన కాదు. 'కోల్డ్ షోల్డర్' అంటే పట్టించుకోకపోవడం, 'కోల్డ్ ఫీట్' అంటే ఆఖరి నిమిషంలో జంకడం. ఎండదేశం చల్లదనాన్ని కోరుకుంటుంది, చలిదేశం వెచ్చదనాన్ని కోరుకుంటుంది. ఇది ఒక్కసారి విన్న పిల్లవాడు 'మై స్టమక్ ఈజ్ కోల్డ్' అని ఎన్నడూ రాయడు.

కానీ ఈ పద్ధతికి ఒక పెట్టుబడి కావాలి. పోల్చుకోవడానికి ఇంటి మాట అంటూ ఒకటి ఉండాలి. ఆ పుదుచ్చేరి అబ్బాయికి ఫ్రెంచి గట్టిగా ఉంది కాబట్టే మూడు గంపలూ నిండాయి. మరి మన సంగతి?

తర్వాతి బదిలీలో ఉత్తరాదిన ఒక కంటోన్మెంటు ఊరికి వెళ్లాం. అక్కడ ఏడో తరగతి పిల్లలతో ఇదే పని చేయించాం. ఒక అమ్మాయి ఇంగ్లీషు వరుస, హిందీ వరుస చక్కగా నింపింది. తెలుగు వరుస తెల్లగా వదిలేసింది. "మాకు రాదండీ, మేం ఎప్పుడూ అక్కడ ఉండలేదు" అంది. ఆ మాటతో మా గొంతులో వెలక్కాయ పడింది. తప్పు ఆ పిల్లది కాదు. మూడేళ్లకో ఊరు మారితే, సామెతలు దొర్లే నోళ్లు సెలవుల్లో తప్ప వినబడవు. ఒక పని మాత్రం అప్పగించాం. ఎవరి గురించి అనుకుంటున్నామో వాళ్లే ఎదురుగా వస్తే ఇంగ్లీషువాళ్లు 'స్పీక్ ఆఫ్ ద డెవిల్' అంటారు. ఫ్రెంచివాళ్లు తోడేలు పేరెత్తితే తోక కనబడిందంటారు. మనం ఏమంటామో విజయనగరంలో ఉన్న అమ్మమ్మను అడిగి రమ్మన్నాం.

మర్నాడు ఆ అమ్మాయి పరుగున వచ్చింది. ఫోను ఎత్తగానే అమ్మమ్మ "ఇప్పుడే నీ గురించే అనుకుంటున్నామే, నీకు నూరేళ్లు!" అందట. అడగకముందే జవాబు దొరికింది. ఒకరు దెయ్యాన్ని, ఒకరు తోడేలును తలుచుకునే చోట మన పెద్దలు ఆయుష్షు పోస్తారని ఆ పిల్లకు ఆరోజు తెలిసింది. ఆ వారంలో తెలుగు వరుసలో పదకొండు గళ్లు నిండాయి.

అందుకే మా విన్నపం. ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకంలో మూడు వరుసలు గీయండి. మొదటిదాంట్లో మీరు చదివిన ఇంగ్లీషు జాతీయం, రెండోదాంట్లో ఇంట్లో ఆ సందర్భానికి అనే మాట, మూడోదాంట్లో అది ఎవరు ఎవరితో ఎప్పుడు అంటారో రాయండి. గడి ఖాళీగా ఉంటే సిగ్గుపడవద్దు, అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేయండి. రేపు మీ తరగతిలోకి కొత్తగా ఎవరైనా వచ్చి గొంతులో పిల్లి ఉందంటే నవ్వకండి. "మీ ఊళ్లో పిల్లా? మా ఊళ్లో వెలక్కాయ" అని మాట కలపండి. బదిలీ మీద కొత్త బడిలో అడుగుపెట్టినవారికి మొదటి రోజున అంతకంటే కావలసింది ఏముంటుంది?