అడవి దాచిన చీలిక

మన పిల్లలెందరో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న అమెరికాలోని సియాటెల్ కింద భూమి చీలి ఉంది. సుమారు 1100 ఏళ్ల క్రితం అది కదిలి భూకంపం వస్తే, పక్కనే ఉన్న బెయిన్‌బ్రిడ్జ్ దీవి దక్షిణ తీరం ఏకంగా 7 మీటర్లు పైకి లేచింది! మరి దీవి మీద దాని జాడ కళ్లకు కనబడదేం? దట్టమైన అడవి కప్పేసింది. 1990ల చివర్లో భూగర్భజలాల అధ్యయనం కోసం విమానం నుంచి లేజర్ కిరణాలతో నేలను కొలిచారు. ఆకుల సందుల్లోంచి నేలను తాకి వచ్చిన కిరణాలనే ఉంచి, చెట్లను కంప్యూటర్లో తీసేస్తే... పొడవాటి గట్టు బయటపడింది. అక్కడ తవ్వితే పాత భూకంపాల ఆనవాళ్లు దొరికాయి. ఇలాంటి పటాలు భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పలేవు, ఎక్కడ జాగ్రత్తపడాలో చెబుతాయి. సియాటెల్లో మీవాళ్లుంటే ఈసారి ఫోన్లో అడగండి... అల్మారాలు గోడకు బిగించారా అని!