సులభం ఎవరికి? వత్తులు విరిచే లైబ్రరీల గురించి

వీడియో ఆటల తయారీ నేర్పే పాఠాలన్నీ దాదాపు ఒకే మాటతో మొదలవుతాయి: "ఇది చాలా సులభం." ఎవరికి సులభం అని అడిగేవారే కనబడరు. నెల్లూరు తీరాన్ని కళ్ళముందు పెట్టుకొని ఆ ప్రశ్న అడగడానికే ఈ టపా. తెలుగు అక్షరాన్ని సరిగా గీయలేని లైబ్రరీ తెలుగు పిల్లవాడికి సులభం కాదు. ఆ సంగతిని మొదటి పాఠంలోనే చెప్పకపోవడం అన్యాయం. నా వాదన ఇంతే.

రేలిబ్‌నే తీసుకుందాం. రామోన్ సాంతామరియా అనే స్పెయిన్ దేశస్థుడు విద్యార్థులకు నేర్పడం కోసం 2013లో మొదలుపెట్టిన సి భాషా లైబ్రరీ ఇది. దీనికి బోర్లాండ్ వారి పాత బీజీఐ ఒక స్ఫూర్తి అని దాని పరిచయంలోనే ఉంటుంది. ఆ బీజీఐ మనకు కొత్తదా? మన ఇంజినీరింగు కళాశాలల ప్రయోగశాలల్లో, టర్బో సి నీలితెర వెనుక, ఏళ్ళ తరబడి గీతలూ వృత్తాలూ గీయించిన గ్రాఫిక్స్ డాట్ హెచ్ అదే కదా! ఆ లెక్కన రేలిబ్ మనకు చుట్టమే.

దాని సుగుణాలను దాచను. మొదటి ఆటకు పది ఆజ్ఞలు చాలు. మైపాడు నుండి కృష్ణపట్నానికి వెళ్ళే పడవ ఆట అనుకోండి. కంప్యూటరు మీటల వంక చూస్తుంది, పడవ స్థానం మారుస్తుంది, తెర తుడిచి బొమ్మను మళ్ళీ గీస్తుంది. సెకనుకు 60 మార్లు ఇదే పని. ఒక్కో మారు పడవను 2 చుక్కలు జరిపితే సెకనుకు 120 చుక్కలు. 800 చుక్కల వెడల్పున్న తెరను దాటడానికి దాదాపు 7 సెకన్లు. వేగమూ దూరమూ కాలమూ బడిలో చదివిన పిల్లవాడికి ఇందులో అందనిదేమీ లేదు.

ఇంతవరకూ సులభమే. ఇప్పుడు రేవు దగ్గర "కృష్ణపట్నం" అని బోర్డు పెట్టమనండి. లైబ్రరీతో వచ్చే ఖతిలో తెలుగు లేదు కనుక ముందు ప్రశ్నార్థకాలు బారులు తీరతాయి. సరే, తెలుగు ఖతిని ఎక్కించి, యూనికోడులో తెలుగుకు కేటాయించిన 128 స్థానాలనూ చదివించామనుకోండి. అప్పుడు ష పక్కన పొల్లు, దాని పక్కన ణ, ఆ తరువాత ప, ట, మళ్ళీ పొల్లు, న! చూసేవారికి నాలుగక్షరాలుగా కనబడే ఆ పేరు యూనికోడులో పది సంకేతాలు. ఏ సంకేతానికి ఆ బొమ్మను విడిగా తెచ్చి పక్కపక్కన పేర్చడమే ఈ లైబ్రరీకి తెలిసిన విద్య. ణ వత్తుకు యూనికోడులో సొంత సంఖ్య లేదు. అది ఖతి లోపల దాగి ఉంటుంది. సంకేతాల వరుసను చూసి, ఎక్కడ ఏ రూపం రావాలో ఖతిని అడిగి తెచ్చే మధ్యవర్తి కావాలి. రేలిబ్‌లో ఆ మధ్యవర్తి లేడు.

తిక్కన సోమయాజి పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేసిన విక్రమసింహపురి ఇది. ఆయన పేరులోని క్కనైనా నిలబెట్టలేని పనిముట్టును ఆ ఊరి పిల్లల చేతికిచ్చి సులభమంటున్నాం!

"ఆటకు అక్షరాలెందుకు, బొమ్మలు చాలవా?" అంటారు కొందరు. రేవు పేరు, గెలుపు మాట, ఆడేవాడి పేరు అక్షరాలు కావా? "తెలుగు మాటను బొమ్మగా చేసి అతికించండి" అనేది మరొక సలహా. బోర్డుకు అది సరిపోతుంది. కానీ ఆడే పిల్లవాడు తన పేరు టైపు చేస్తే ఏ బొమ్మ అతికిస్తారు? ఇంకొందరు "కోడు ఎలాగూ ఇంగ్లీషే కదా" అంటారు. ఆజ్ఞలు ఇంగ్లీషైతే ఆడేవారి భాష కూడా ఇంగ్లీషే కావాలా? వలకు వాడిన నైలాను ఎక్కడిదైనా చేప మన సముద్రానిదే.

మందు లేని జబ్బు కాదిది. ఆ మధ్యవర్తి పేరు హార్ఫ్‌బజ్, స్వేచ్ఛా సాఫ్టువేరు. మీరు ఈ అక్షరాలు చదువుతున్న విహరిణి ఫైర్‌ఫాక్సో క్రోమో అయితే వత్తులను కూర్చి పెడుతున్నది అదే. 2000లో మొదలైన పైగేమ్ నుండి 2023లో చీలిన పైగేమ్ సీఈలో, ఖతికి నాలుగక్షరాల లిపి సంకేతం ఇచ్చి హార్ఫ్‌బజ్ చేత తెలుగు కూర్పించే వీలుంది. విహరిణిలోని కాన్వాసు మీద ఆట రాస్తే ఆ శ్రమ కూడా అక్కరలేదు. రేలిబ్ కర్తను నిందించడం నా ఉద్దేశం కాదు. బయటి ఆధారాలు లేకుండా చిన్నదిగా ఉంచాలన్నది ఆయన ఎంపిక. దాన్ని యథాతథంగా తెచ్చి, లోటు చెప్పకుండా, మన పిల్లలకు వడ్డించడం మాత్రం మన ఎంపిక. నింద దానికే.

తోటి బ్లాగరులారా, ఎక్స్‌పీ రోజులు గుర్తున్నాయా? సీడీ వెతికి ఇండిక్ మద్దతు చేర్చుకుంటే తప్ప మన తెర మీద డబ్బాలే. అప్పుడు "తెలుగు లేకపోతేనేం, ఇంగ్లీషులో రాసుకుందాం" అని ఊరుకోలేదు మనం. తెలుగు చూడడమెలాగో, రాయడమెలాగో ఓపికగా పాఠాలు రాసి పెట్టుకున్నాం. పేజీలో గెలిచిన ఆ పోరు ఆట తెర మీద మళ్ళీ మొదటికి వచ్చింది.

అందుకని కోరేది ఒక్కటే. ఆటల తయారీ గురించి తెలుగులో పాఠం రాసేవారు మొదటి కిటికీలో "హలో వరల్డ్" బదులు "కృష్ణపట్నం" అని రాయించండి. వత్తు ఊడకుండా నిలిచిన లైబ్రరీతో పాఠం కొనసాగించండి. ఊడితే ఎందుకు ఊడిందో, ఎలా నిలబెట్టాలో ఆ పాఠంలోనే చెప్పండి. ఆ పరీక్ష నెగ్గిన తరువాత "ఇది చాలా సులభం" అని ధైర్యంగా అనండి. ఎవరికి అని నేను మళ్ళీ అడగను.