బట్టమేకపిట్టయు, రైతు చేనును

కాలువ క్రింది మాగాణికి అలవాటుపడిన తెనాలి, బాపట్ల, రేపల్లె రైతులకు బీడనిన వట్టినేల యని తోచును. మే మట్లు తలంపము.

నాటి కర్నూలు జిల్లా, నేటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు బీళ్లలో అసద్ రహ్మానీ, రంజిత్ మనకడన్ అను శాస్త్రజ్ఞులు 1980 తరువాత బట్టమేకపిట్టను ఏండ్లతరబడి పరిశీలించిరి. ఈ పక్షి చెట్టుపై గూడు కట్టదు; సాధారణముగా ఒక్క గ్రుడ్డును వట్టినేలపై పెట్టును. పశువు త్రొక్కినను, కుక్క నోటబడినను ఆ గ్రుడ్డు పోయినట్లే. మిడుతలను, పురుగులను ఏరి తినునది గనుక సేద్యమునకు పగ గాదు.

1988లో అచ్చట సుమారు 6 చదరపు కిలోమీటర్ల నేల అభయారణ్యమైనది. మేత నరికట్టగా గడ్డి పెరిగెను, కృష్ణజింకలు హెచ్చెను, అవి చుట్టుప్రక్కల చేలబడి పైరు మేసెను. పిట్టకై చేసిన యేర్పాటు రైతు నెత్తిన పడినది. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు దాచక వ్రాసిరి. అది మాకు నచ్చినది. ఇంతలో జొన్న, వేరుసెనగ చేల స్థానమున వేఱు పైరులు వచ్చి పక్షికి తావు తగ్గెను. నేడు దేశమంతటను ఇవి రెండువందలకు లోపే. రోళ్లపాటిలో కానవచ్చుటయే అరుదు.

పైరు పోయిన రైతు పిట్టను ప్రేమింపవలెననుట న్యాయము గాదు. గ్రామ సహకార సంఘమువారిని కూర్చుకొని అటవీశాఖవారు నష్టము నంచనా వేసి, మరుసటి విత్తుకాలమునకు ముందే సొమ్ము చెల్లింపవలెను. అదను తప్పిన పిదప వచ్చు రూకలు వడ్డీకే చాలవు.

మనము వరిగడ్డి వామిని నమ్ముకొని పాడి చేయుచున్నాము. మన యూళ్లలో పశువుల మేతకు విడిచిన పోరంబోకు ఎంత మిగిలియున్నదో, సభ్యులు గ్రామ అడంగలు విప్పి చూతురు గాక.