కనపడని శత్రువు, కరిగిపోయే గంట



ఈ వారం మన శీర్షికలో ఒక పాత తగువు గురించి మాట్లాడుకుందాం. ఇది మన క్యాంపుల్లో పుట్టిన తగువు కాదు. జపాన్ వాళ్ళు తయారుచేసిన వీడియో గేముల చుట్టూ దాదాపు నలభై ఏళ్ళుగా నడుస్తున్నది. ఆ గేములు ఇప్పుడు ఫోన్లలోకి వచ్చేశాయి కాబట్టి తగువు కూడా మన రూముల్లోకి, మన మంచాల మీదికి వచ్చి కూర్చుంది.

దాని పేరు 'రాండమ్ ఎన్‌కౌంటర్'. ఎన్‌కౌంటర్ అనగానే మన ఊళ్ళవాళ్ళకు పోలీసులూ, అడవీ, మర్నాటి పేపరూ గుర్తుకొస్తాయి. ఇది అది కాదు. గేములో మన వీరుడు మైదానంలోనో, గుహలోనో నడుస్తుంటాడు. చుట్టూ చూస్తే ఒక్క పురుగు కూడా ఉండదు. పది అడుగులు వేసేసరికి స్క్రీన్ మారిపోతుంది, సంగీతం మారిపోతుంది, ఎదురుగా ఒక రాక్షసుడు నిలబడి ఉంటాడు. కొట్టాలి, లేదా పారిపోవాలి. గెలిస్తే కొంత అనుభవం, కొంత డబ్బు వస్తాయి. మళ్ళీ నడక, మళ్ళీ ఎనిమిది అడుగులకు ఇంకో రాక్షసుడు. మేము దీన్ని 'హఠాత్తు ఫైట్' అని పిలుచుకుంటాం.

చిన్నప్పుడు మనమందరం వైకుంఠపాళి ఆడినవాళ్ళమే. అందులో పాము ఎక్కడుందో పటం మీదే కనిపిస్తుంది, పందెం ఎంత పడుతుందన్నదే భయం. ఈ గేముల్లో పాములు పటం మీద కనిపించవు. మనం అడుగు వేసిన ప్రతిసారీ కంప్యూటరే లోపల పందెం వేస్తుంది. మనకు తెలిసేది కాటు పడ్డాకే.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

నిజానికి ఈ ఉపాయం మొదట అమెరికా వాళ్ళది. 1974లో అక్కడ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వచ్చింది. కంప్యూటర్ లేదు, టీవీ లేదు. బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేసి ఆడే కథల ఆట. దారిలో రాక్షసుడు ఎదురవుతాడా లేదా అన్నది పాచికే చెప్పేది. 1981లో 'విజార్డ్రీ' అనే కంప్యూటర్ గేము అదే పద్ధతిని తెర మీదికి తెచ్చింది. జపాన్‌లో యూజీ హోరీ అనే ఆయన ఇలాంటి గేములు ఆడి ముచ్చటపడి, తమ దేశంలో పిల్లలు కూడా ఆడుకునేంత తేలికగా ఒకటి తయారుచేశాడు. అదే 1986లో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్'. బొమ్మలు గీసింది 'డ్రాగన్ బాల్' గీసిన అకీరా తోరియామా. మరుసటి సంవత్సరం, 1987లో, హిరోనోబు సకాగుచి 'ఫైనల్ ఫాంటసీ' వచ్చింది. ఈ రెంటి దారిలోనే వందల గేములు నడిచాయి.

అప్పటి యంత్రం చాలా చిన్నది. మొదటి 'డ్రాగన్ క్వెస్ట్' మొత్తం కలిపి 64 కిలోబైట్లు. మీ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో కూడా అంతకంటే చాలా పెద్దది. అంత కొంచెం చోటులో రాజ్యం, ఊళ్ళు, గుహలు, రాక్షసులు అన్నీ ఇమడాలి. అలాంటప్పుడు రాక్షసులను దారి మీద నడిపించి చూపించకుండా, లోపల దాచిపెట్టి హఠాత్తుగా బయటికి తేవడం బాగా కలిసొచ్చే పద్ధతి. ఖర్చు తక్కువ, భయం ఎక్కువ.

రెండు పక్షాలు

ఇక ఆడేవాళ్ళ సంగతి. వద్దనేవాళ్ళ మాట ముందు చెబుతాం. "నేను ఎక్కడికి వెళ్తున్నానో మర్చిపోయేలా చేస్తుంది ఈ హఠాత్తు ఫైటు" అంటారు వాళ్ళు. గుహలో మూడు దారులుంటాయి. ఎడమ దారి చూసొచ్చి కుడి దారికి మళ్ళుతుంటే ఫైటు. అయిపోయాక చూస్తే ఎటు నుంచి వచ్చామో గుర్తుండదు. నాలుగు అడుగులు వేస్తే మళ్ళీ ఫైటు. పోకెమాన్ ఆడినవాళ్ళకు గుహల్లో ఎగిరే జూబాట్ అనే గబ్బిలం పేరు చెబితే చాలు, ఒళ్ళు మండుతుంది. 2000లో వచ్చిన 'స్కైస్ ఆఫ్ ఆర్కేడియా' కథ ఎంతో బాగుంటుందని అందరూ అంటారు, ఆ వెంటనే ఫైట్లు మరీ ఎక్కువని కూడా అంటారు. తర్వాత అదే గేమును గేమ్‌క్యూబ్ యంత్రానికి మార్చినప్పుడు ఆ ఫైట్లు తగ్గించారు.

కావాలనేవాళ్ళ మాట ఇంకోలా ఉంటుంది. రాత్రిపూట పొలం గట్టు మీద నడిచినవాడికి తెలుసు, కనిపించే పాము కంటే కనిపించని పామే ఎక్కువ భయపెడుతుంది. ఆ భయం లేకపోతే గుహ గుహలా ఉండదు, కారిడార్‌లా ఉంటుంది. మొదటి 'డ్రాగన్ క్వెస్ట్'లో గుహలోకి దివిటీ పట్టుకుని వెళ్ళాలి. ప్రాణం సగం అయింది, మందు ఒక్కటే మిగిలింది. ఇంకా లోపలికి వెళ్ళాలా, వెనక్కి తిరగాలా? వెనక్కి తిరిగినా దారిలో ఫైట్లు తప్పవు. ఇలా తూచుకోవడంలోనే ఆట ఉంది అంటారు వీళ్ళు. ఎదురయ్యేవాళ్ళు ముందే కనిపిస్తే పక్క నుంచి తప్పుకుని పోతాం, ఇక తూచుకునేది ఏముంది?

మా రూములోనే ఒక తమ్ముడున్నాడు, షటరింగ్ పని చేస్తాడు. అతను ఇంకో కారణం చెప్పాడు. "అన్నా, ఈ గేములో ఎంత కొడితే అంత, అప్పటికప్పుడు ఖాతాలో పడుతుంది. పై నెల రమ్మని ఎవరూ అనరు. కటింగ్ లేదు." మేము నవ్వాం గానీ, మాట నిజమే. మొదటి 'డ్రాగన్ క్వెస్ట్'లో చచ్చిపోయినా చేతిలో డబ్బు సగం పోతుందే తప్ప, సంపాదించిన అనుభవం ఒక్క పాయింటు కూడా పోదు. రాజు దగ్గర మళ్ళీ లేచి కూర్చుంటాం. చెమటోడ్చినదానికి ఇంత నమ్మకంగా జమ కట్టే చోటు లోకంలో ఎన్ని ఉన్నాయి చెప్పండి?

ఇంకో సుఖం కూడా ఉంది. 'డ్రాగన్ క్వెస్ట్' లాంటి గేముల్లో మనం ఆజ్ఞ ఇచ్చేదాకా రాక్షసుడు కదలడు. ఫైటు మధ్యలో ఇంటి నుంచి ఫోన్ వస్తే, అరగంట మాట్లాడి వచ్చినా అతను అక్కడే నిలబడి ఉంటాడు. అయితే అన్ని గేములూ ఇలా ఉండవు. 1991లో వచ్చిన నాలుగో 'ఫైనల్ ఫాంటసీ' నుంచి ఆ వరుసలో చాలావాటిలో మనం ఆలోచించేలోపే రాక్షసుడు కొట్టగలడు. అలాంటివాటిలో ఫోన్ వస్తే ముందు పాజ్ నొక్కాలి.

మా టైంషీటు

మేము ఆఫీసులో టైంషీట్లు రాసే క్లర్కులం. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో, ఎన్ని గంటలు ఓవర్‌టైం పడిందో రాయడమే మా పని. ఆ అలవాటుతోనే ఈ తగువుకు కూడా ఒక లెక్క వేశాం. డ్యూటీ, బస్సు, బాత్‌రూం దగ్గర లైను, వంట, బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్... ఇవన్నీ పోను మనిషికి మిగిలేది గంట అనుకోండి. ఒక్కో ఫైటుకు అర నిమిషం అనుకుందాం. ఒక గుహ దాటేలోపు నలభై ఫైట్లు పడితే 20 నిమిషాలు అక్కడే పోయాయి. గంటలో మూడో వంతు.

ఆ 20 నిమిషాలు దండగేనా? మా లెక్కలో రెండు గడులున్నాయి. మొదటి గడి, మనల్ని ఏదైనా అడిగిన ఫైట్లది. మంత్రం ఇప్పుడు వాడాలా, దాచుకోవాలా? పారిపోవాలా? ముందు ఎవరిని కొట్టాలి? రెండో గడి, ఏమీ అడగని ఫైట్లది. శత్రువు మన దెబ్బకు ఆగడు, మనకు అతని దెబ్బ తగలదు, బటన్ మీద బొటనవేలు ఆడుతూనే ఉంటుంది. మొదటి గడిలో పడ్డది ఆట. రెండో గడిలో పడ్డది డ్యూటీ, అది కూడా జీతం లేని డ్యూటీ. పొద్దంతా ఒకే పని మళ్ళీ మళ్ళీ చేసి వచ్చినవాడికి రాత్రి కూడా అదే పెడితే ఎలా?

అందుకే మేమంటాం, తగువు కనిపించే శత్రువుకూ కనిపించని శత్రువుకూ మధ్య కాదు. అడిగే ఫైటుకూ, అడగని ఫైటుకూ మధ్య.

తయారుచేసినవాళ్ళు ఏం చేశారు?

ఈ సంగతి జపాన్ వాళ్ళకు ఎప్పుడో తెలుసు. 1994లో వచ్చిన 'మదర్ 2'లో శత్రువులు దారి మీదే కనిపిస్తారు. మనం బాగా బలపడ్డాక బక్క శత్రువు తగిలితే, ఫైటు మొదలవకుండానే గెలిచినట్టు చూపి పాయింట్లు ఇచ్చేస్తుంది. అడగాల్సింది ఏమీ లేనప్పుడు టైం ఎందుకు తినాలి అన్నట్టు. 1995 నాటి 'క్రోనో ట్రిగర్'లో కూడా శత్రువులు ఎక్కువగా ఎదుటే కనిపిస్తారు, వేరే తెరకు పోకుండా ఉన్నచోటే ఫైటు జరుగుతుంది. 1996లో మొదలైన పోకెమాన్‌లో రిపెల్ అనే మందు చల్లుకుంటే 100 అడుగుల దాకా మనకంటే బలహీనమైనవి దగ్గరికి రావు. 1997 నాటి ఏడో 'ఫైనల్ ఫాంటసీ'లో శత్రువులు తక్కువ వచ్చేందుకు ఒక రాయి, ఎక్కువ వచ్చేందుకు ఇంకో రాయి ఉన్నాయి. మీకు ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చు.

అన్నిటికంటే మాకు నచ్చింది 'బ్రేవ్లీ డిఫాల్ట్'. అందులో ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటి ఒక ఏర్పాటు ఉంది. ఫైట్లు పూర్తిగా ఆపేయొచ్చు, లేదా రెండింతలు చేసుకోవచ్చు. దారి వెతుక్కునేటప్పుడు ఆపు, బలం పెంచుకునేటప్పుడు పెంచు. పాత 'ఫైనల్ ఫాంటసీ' ఆరు గేములనూ కొత్తగా దిద్ది 2023లో టీవీకి పెట్టే యంత్రాలకు ఇచ్చినప్పుడు కూడా ఫైట్లు ఆపే స్విచ్ పెట్టారు. అలాగని పాత పద్ధతి చచ్చిపోలేదు. 2024లో మూడో 'డ్రాగన్ క్వెస్ట్'ను కొత్త బొమ్మలతో మళ్ళీ తెచ్చినప్పుడు హఠాత్తు ఫైట్లను ఉంచారు, కాకపోతే ఫైటు వేగం పెంచుకునే వీలు ఇచ్చారు.

చూశారా, నలభై ఏళ్ళ తగువు ఎక్కడికి వచ్చి ఆగిందో! రెగ్యులేటర్ ఆడేవాడి చేతికి వచ్చింది. శత్రువు హఠాత్తుగా రావచ్చు, ఫర్వాలేదు. కానీ మన గంట ఎలా ఖర్చవ్వాలో చెప్పే హక్కు కొంతైనా మన దగ్గర ఉండాలి. మా ఓటు దానికే.

అయితే ఒక మాట. స్విచ్ చేతికొచ్చింది కదా అని మొత్తం ఆపేసి పరిగెత్తకండి. గుహ చివర పెద్ద రాక్షసుడు కూర్చుని ఉంటాడు. దారిలో ఎవరితోనూ తలపడకుండా వెళ్ళినవాడిని వాడు రెండు దెబ్బల్లో పడుకోబెడతాడు. అప్పుడు మళ్ళీ మొదటికి వచ్చి, మానేసిన ఫైట్లన్నీ ఒకేసారి చేయాల్సి వస్తుంది. బాకీ బాకీయే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నాలుగు ముక్కలు. మొదటిది, గేము మొదలుపెట్టగానే సెట్టింగులు చూడండి. ఫైటు వేగం పెంచే వీలు ఉంటే పెంచుకోండి. రెండోది, 'రన్' అన్న మాట గుర్తుపెట్టుకోండి, పారిపోవడం అన్నమాట. ఈ గేముల్లో పారిపోవడం సిగ్గు కాదు, లెక్క. మూడోది, ఒక చోట ఫైట్లు ఏమీ అడగడం మానేశాయంటే అక్కడ మీ పని అయిపోయినట్టే, ముందుకు కదలండి. 'డ్రాగన్ క్వెస్ట్'లో వంతెన దాటితే శత్రువులు బలంగా ఉంటారు, కాబట్టి దాటేముందు మందులు చూసుకోండి. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. "ఇంకొక్క లెవల్" అనుకుంటూ అర్ధరాత్రి దాటించకండి. రాక్షసుడు మీ కోసం ఆగుతాడు, తెల్లవారుజామున వచ్చే డ్యూటీ బస్సు ఆగదు. నిద్రలేని కళ్ళతో పరంజా ఎక్కితే అక్కడ రెండో ప్రాణం ఉండదు.

మరి మీరు ఏ పక్షం? కనపడే శత్రువా, కనపడని శత్రువా? మీ రూములో ఎవరు ఏమంటున్నారో నాలుగు ముక్కలు రాసి పంపండి. బాగున్నవి ఇదే శీర్షికలో వేస్తాం. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.