చేజారిన పగ్గాలు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లే. పరీక్ష పోయాక ఊళ్లో ముఖం చూపించలేక ఇక్కడే ఉండిపోయే కుర్రాళ్లు ఎందరో. విజయవాడ రహదారి మీదుగా వచ్చే గంజాయి నగరంలోకి అడుగుపెట్టేదీ ఎల్.బి.నగర్ వైపు నుంచే. పట్టుబడిన సరుకు లెక్కలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. మత్తుకు బానిసైన మనిషి తన గురించి తాను ఏమనుకుంటున్నాడో మాత్రం ఎవరూ అడగరు.

అడిగితే వినిపించేవి రెండు మాటలే. 'నేను దేనికీ పనికిరాను.' 'నా చేతుల్లో ఏమీ లేదు.' జరిగేది తమ ప్రయత్నాన్ని బట్టి ఉంటుందనుకునేవారు కొందరు, అదృష్టాన్ని బట్టో ఇతరులను బట్టో ఉంటుందనుకునేవారు కొందరని 1966లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జూలియన్ రాటర్ వివరించాడు. మన ఇళ్లలో దానికి 'నసీబ్' అని పేరు పెట్టి చేతులు దులుపుకుంటాం. జ్వరం వస్తే మాత్రం నసీబ్ అని ఊరుకోం, డాక్టరు దగ్గరికి పరుగెడతాం!

పది రోజులు మానిన కుర్రాడు ఒక్కసారి జారతాడు. ఇక తన వల్ల కాదనుకుని ఆ రాత్రే పూర్తిగా మునిగిపోతాడు. 'వీడు మారడని ముందే చెప్పానుగా' అంటారు ఇంట్లోవారు. ఈ మాట వల్ల లాభపడేది మత్తు అమ్మేవాడే.

సంకల్పం ఒక్కటే చాలునని మా ఉద్దేశం కాదు. 2015లో తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగినప్పుడు అలవాటుపడినవారు వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. వైద్యం తప్పనిసరి.

దైవప్రవక్త (స) కాలంలో హిమార్ అనే మారుపేరు గల అబ్దుల్లా ఉండేవారు. ఆయన తన మాటలతో ప్రవక్తను నవ్వించేవారు. మద్యం తాగి పదే పదే శిక్ష పొందారు. ఒకసారి ఎవరో ఆయనను శపించబోతే ప్రవక్త వారించారనీ, అతడు అల్లాహ్‌నూ ఆయన ప్రవక్తనూ ప్రేమించేవాడని చెప్పారనీ బుఖారీ హదీసు. శిక్ష తప్పలేదు, గౌరవమూ పోలేదు. మన బస్తీల్లో శిక్ష కన్నా ముందే శాపం మొదలవుతుంది.

ఎల్.బి.నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎర్రగడ్డలో దిగవచ్చు. అక్కడి ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో మత్తు మాన్పించే వైద్యం ఉంది. అయితే ఆ ఊరి పేరునే మనం తిట్టుగా మార్చుకున్నాం. ఇల్లు కదలలేనివారికి 14446 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. పోలీసు కేసు భయమా? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, వాడకం లేదా కొద్దిపాటి సరుకు కేసుల్లో, స్వచ్ఛందంగా చికిత్స కోరి దాన్ని పూర్తిచేసేవారికి రక్షణ ఇస్తోంది. 'స్వచ్ఛందంగా' అనే మాట గమనించండి. డాక్టరు అడిగే ప్రశ్నలకు కుర్రాడినే జవాబు చెప్పనివ్వాలి. తండ్రి కాసేపు బయట బెంచీ మీద కూర్చోవచ్చు.