తడి ఆరిన కళ్లు, దూరాన వెలుగు
కళ్లు పొడిబారే జబ్బుకు కాంతి చికిత్స వచ్చింది. కానీ నల్లని చర్మానికీ, నడిసముద్రంలోని ఊళ్లకూ అది ఎంతవరకు అక్కరకొస్తుంది?

చుట్టూ సముద్రం. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. వానాకాలంలో ఉతికిన బట్ట ఓ పట్టాన ఆరదు. అలాంటి అండమాన్ దీవుల్లో కళ్లు పొడిబారుతున్నాయని ఎవరైనా అంటే నవ్వు రావచ్చు. కానీ గాలిలో తేమ ఉన్నంత మాత్రాన కంట్లో తడి ఉంటుందన్న హామీ ఏమీ లేదు. ఇసుక పడ్డట్టు గరగర, మంట, సాయంత్రానికి మసక, పొద్దున లేవగానే అతుక్కుపోయే రెప్పలు. చిత్రంగా, కొందరికి ధారగా నీరు కారడం కూడా ఈ జబ్బు లక్షణమే. పైపొర ఎండి కన్ను మండుతున్నందుకు కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు కుమ్మరిస్తుంది. ఆ నీళ్లు నిలవవు, తడి మిగలదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో ఉన్నది 3.8 లక్షల మంది. వారిలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకారులు, కూలీలు, చిరు వ్యాపారులు, ఉద్యోగులు, వారి పిల్లలు, మనవలు. పడవ మీద ఎండా ఉప్పుగాలీ తినే తండ్రికి, ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే కొడుక్కి ఇప్పుడు ఒకే ఫిర్యాదు ఉండవచ్చు. ఇద్దరికీ ఇంటర్నెట్‌లో కనిపించే సమాధానం కూడా ఒక్కటే: కాంతి చికిత్స. అదేమిటో, ఎవరికి పనికొస్తుందో తెలుసుకోకుండా టికెట్ కొనుక్కుంటే మిగిలేది ఖర్చే.

నూనె లేని దీపం

కన్నీరంటే ఉత్త నీరు కాదు. కంటి మీద జిగురు, నీరు, నూనె కలిసి పలుచని పొరగా పరుచుకుంటాయి. పైనున్న నూనె పొర లేకపోతే కింది నీరు క్షణాల్లో ఆవిరవుతుంది. ఆ నూనెను ఇచ్చేవి రెప్పల అంచున వరుసగా ఉండే సన్నని గ్రంథులు. 1666లో జర్మన్ వైద్యుడు హైన్రిక్ మైబోమ్ వాటిని వర్ణించినందుకు మైబోమియన్ గ్రంథులన్న పేరొచ్చింది. పై రెప్పలో పాతిక నుంచి నలభై దాకా, కింది రెప్పలో కాస్త తక్కువ ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వాటి నుంచి వచ్చేది వంటనూనెలా పలుచగా ఉంటుంది. గ్రంథి మూసుకుపోతే అదే పేరిన నెయ్యిలా తయారవుతుంది. పొడి కళ్ల రోగుల్లో ఎక్కువమందికి ఉన్న ఇబ్బంది ఇదే.

మిగిలినవారిలో నీరే తక్కువగా ఊరుతుంది. షోగ్రెన్స్ వంటి కీళ్లవాత సంబంధ వ్యాధులు, వయసు, కొన్ని అలర్జీ మాత్రలు, నెలసరి ఆగిపోయిన దశ ఇందుకు దోహదం చేస్తాయి. ఈ తేడా ముఖ్యం. కాంతి చికిత్స నూనె గ్రంథుల లోపానికి ఉద్దేశించింది. నీరే ఊరని కంటికి దానితో ఒరిగేది తక్కువ.

హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో తమ ఆస్పత్రులకు వచ్చిన 14 లక్షల మందికి పైగా కొత్త రోగుల రికార్డులను పరిశీలించారు. వారిలో పొడి కళ్ల జబ్బు నిర్ధారణ అయింది 1.46 శాతం మందికి. శాతం చిన్నదిగా కనిపిస్తుంది. మనుషుల లెక్కలో చెబితే ఒక్క సంస్థలోనే 21 వేల మందికి పైగా.

దీవుల్లో మరో మార్పూ జరిగింది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమైంది. అంతకుముందు ఉపగ్రహ సంకేతాల మీద ఈడ్చుకుంటూ సాగిన ఇంటర్నెట్ ఒక్కసారిగా పరుగందుకుంది. మామూలుగా మనిషి నిమిషానికి పదిహేను సార్లకు అటూఇటూగా రెప్ప వేస్తాడు. తెర చూస్తున్నప్పుడు అది సగానికి, ఒక్కోసారి మూడో వంతుకు పడిపోతుంది. రెప్ప పూర్తిగా మూసినప్పుడే గ్రంథి నుంచి నూనె బయటికొస్తుంది. వేగంగా వచ్చిన ఇంటర్నెట్‌కు కన్ను కట్టే సుంకం ఇది.

మెరుపు చేసే పని

ఐపీఎల్ అంటే అందరికీ క్రికెట్ గుర్తొస్తుంది. కంటి వైద్యులకు మాత్రం అది ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్, అంటే తీవ్రమైన కాంతి మెరుపులు. ఇది లేజర్ కాదు. జినాన్ దీపం నుంచి సుమారు 500 నుంచి 1,200 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల మధ్య కాంతిని ఫిల్టర్లతో వడకట్టి చర్మం మీద మెరిపిస్తారు. 1990ల నుంచి చర్మవైద్యులు వాడుతున్న పరికరమే. ముఖం ఎర్రబారే రొసేసియా రోగులకు ఈ చికిత్స చేస్తుండగా వారి కళ్ల మంట కూడా తగ్గుతోందని 2000ల తొలి ఏళ్లలో అమెరికాలోని మెంఫిస్ కంటి వైద్యుడు రొలాండో టోయోస్ గమనించారు. అక్కణ్నుంచి అది కంటి క్లినిక్‌లకు పాకింది.

చికిత్స తీరు సరళమే. కళ్లకు కాంతి చొరబడని కవచాలు పెడతారు. కింది రెప్ప దిగువన ఒక చెవి దగ్గర నుంచి ముక్కు మీదుగా మరో చెవి వరకు జెల్ రాసి కాంతిని మెరిపిస్తారు. తర్వాత రెప్పను నొక్కి పేరిన నూనెను పిండి తీస్తారు. ఓ పావుగంట పని. రక్తంలోని హిమోగ్లోబిన్ ఈ కాంతిని పీల్చుకోవడంతో రెప్పల అంచున అసహజంగా ఉబ్బిన సన్నని రక్తనాళాలు మూసుకుపోయి వాపు తగ్గుతుందనీ, వేడికి నూనె కరుగుతుందనీ, రెప్పవెంట్రుకల మొదళ్లలో ఉండే డెమోడెక్స్ పురుగులు తగ్గుతాయనీ నిపుణులు భావిస్తున్నారు. వీటిలో ఏది ఎంత పనిచేస్తుందన్న చర్చ ఇంకా తేలలేదు.

ఫలితాల మాటేమిటి? అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021లో నూనె గ్రంథుల లోపం వల్ల వచ్చే పొడి కళ్లకు ఒక ఐపీఎల్ పరికరాన్ని అనుమతించింది. అంతకు ఏడాది ముందు, 2020లో కొక్రేన్ సమీక్ష మాత్రం చేతికొచ్చిన కట్టుదిట్టమైన పరీక్షలు మూడేననీ, వాటిలో పాల్గొన్నవారు 114 మందేననీ, నమ్మకంగా చెప్పడానికి ఆ ఆధారం చాలదనీ తేల్చింది. ఆ తర్వాత మరిన్ని అధ్యయనాలు వచ్చాయి. చాలామందికి ఉపశమనం కలుగుతోందన్నది నిజం. అయితే అది శాశ్వతం కాదు. నెలలు గడిచాక మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు.

చర్మం రంగు అడ్డు

ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో ఉండే విషయం ఒకటుంది. కాంతిని పీల్చుకునేది హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ కూడా. చర్మం ఎంత నల్లనైతే అంత వేడి పైపొరలోనే నిలిచిపోతుంది. కాలిన బొబ్బలు, నల్ల మచ్చలు, తెల్ల మచ్చలు రావచ్చు. చర్మాన్ని ఆరు రకాలుగా విభజించే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో అమెరికా అనుమతి ఒకటి నుంచి నాలుగో రకం వరకే. మన దేశంలో నాలుగు, ఐదు రకాలవారు కోకొల్లలు. ఏడాది పొడవునా ఎండలో వలలు లాగే మనిషి పుట్టుకతో నాలుగో రకమైనా, కమిలిన ముఖంతో ఐదో రకంలా ఉంటాడు. చికిత్సకు ముందూ తర్వాతా కొన్ని వారాలు ఎండ తగలకుండా ఉండాలన్నది వైద్యుల షరతు. వేటకు వెళ్లకపోతే పొయ్యి వెలగని ఇంట్లో ఆ షరతు నిలబడేది కాదు.

అండమాన్‌కే ప్రత్యేకమైన జాగ్రత్త మరొకటుంది. ఇక్కడ ఎలుకజ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, పాత బెడద. దానికి వాడే డాక్సీసైక్లిన్ చర్మాన్ని కాంతికి సున్నితం చేస్తుంది. రెప్పల వాపుకూ ఇదే మందు రాస్తుంటారు. అది వాడుతున్న సంగతి చెప్పకుండా ఐపీఎల్ చేయించుకుంటే ముఖం కాలే ప్రమాదముంది. గర్భిణులు, లూపస్ ఉన్నవారు కూడా ముందుగా చెప్పి తీరాలి.

నల్లని చర్మానికి ప్రత్యామ్నాయంగా ఎల్ఈడీ దీపాల ముసుగులు వచ్చాయి. వీటిలో ఎర్రని కాంతి తక్కువ తీవ్రతతో పడుతుంది కనుక కాలే భయం తక్కువ. ఆధారాలు కూడా ఐపీఎల్ కన్నా తక్కువే. ఆన్‌లైన్‌లో దొరికే అందం ముసుగులూ, బ్యూటీ పార్లర్లలో వెంట్రుకలు తీసే ఐపీఎల్ యంత్రాలూ కంటి చికిత్సకు పనికిరావు. కనుబొమల దగ్గర ఐపీఎల్ వాడినప్పుడు కాంతి కంట్లోకి చొరబడి నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగు పొర దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

నాలుగు ప్రయాణాల లెక్క

సాధారణంగా ఐపీఎల్ ఒక్కసారితో అయ్యేది కాదు. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో నాలుగు విడతలు. హైదరాబాద్ వాసికి అది నాలుగు ఆటో ప్రయాణాలు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నైకి సముద్ర మార్గం సుమారు 1,190 కిలోమీటర్లు, విశాఖకు 1,200. ఓడలో దాదాపు మూడు రోజులు. విశాఖ ఓడ చెన్నై, కోల్‌కతా ఓడలంత తరచుగా ఉండదు. విమానం రెండు గంటల్లో చేరుస్తుంది గానీ ఛార్జీ అందరికీ అందేది కాదు. కార్ నికోబార్, క్యాంప్‌బెల్ బే వాసులు ముందు రాజధానికే ఓడెక్కి రావాలి. నాలుగు సార్లు తిరగాలి, లేదా రెండు మూడు నెలలు మెయిన్‌ల్యాండ్‌లో అద్దె గదిలో ఉండాలి. విడతకు వేలల్లో ఉండే చికిత్స ఖర్చు దీనికి అదనం. ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి పొందే వైద్యానికి ఉద్దేశించినది. పావుగంటలో ఇంటికి పంపే చికిత్స దాని పరిధికి సరిపోదు.

శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతమిది. లోక్‌సభలో ఒక్క సీటు. ఏ యంత్రం కొనాలో, ఏ వైద్యుణ్ని నియమించాలో నిర్ణయించడంలో స్థానికుల మాటకున్న బలం తక్కువ. అందుకే ఏది అడగాలన్నది మరింత ముఖ్యం. రాజధానిలోని జి.బి. పంత్ ఆస్పత్రికి ఐపీఎల్ యంత్రం తెచ్చిపెడితే ఫొటోకు బాగుంటుంది. కానీ పొడి కళ్లను గుర్తించడానికి కావలసింది స్లిట్ ల్యాంపు, రంగు పూసిన కాగితపు పట్టీ, కన్నీరు కొలిచే షిర్మర్ కాగితం, రెప్పను నొక్కి చూసే ఓపిక. షిర్మర్ పరీక్ష 1903 నాటిది. రంగు వేశాక కన్నీటి పొర పది సెకన్ల లోపే చిట్లితే అనుమానించాలి. ఈ పని శిక్షణ పొందిన కంటి సాంకేతికులు ఏ దీవిలోనైనా చేయగలరు. రాజధానితో పాటు మరో ఏడు దీవులకు చేరిన ఆ కేబుల్ మీదుగానే ఫొటోలు విశాఖకో హైదరాబాద్‌కో పంపి నిపుణుల సలహా తీసుకోవచ్చు. పల్లెల్లో దృష్టి కేంద్రాలు పెట్టి, వాటిని పెద్ద ఆస్పత్రితో కలిపే పద్ధతిని ఎల్వీ ప్రసాద్ సంస్థ తెలుగు నేల మీద ఏళ్ల తరబడి నడుపుతోంది. కళ్ల మంటకు కారణమైన తారే వైద్యానికి దారి కావచ్చు.

ముందు మెట్టు మరువొద్దు

అంతర్జాతీయ నిపుణుల బృందం 2017లో ఇచ్చిన నివేదిక చికిత్సను మెట్లుగా పేర్చింది. ఐపీఎల్ రెండో మెట్టు మీద ఉంది. మొదటి మెట్టు ఇంట్లోనే మొదలవుతుంది. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చకన్నా కాస్త ఎక్కువ, అంటే 40 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో ముంచి పిండి, మూసిన కళ్ల మీద ఐదు నుంచి పది నిమిషాలు కాపడం పెట్టాలి. గుడ్డ చల్లారగానే మళ్లీ ముంచాలి. తర్వాత రెప్పల అంచును మెల్లగా నిమిరి శుభ్రం చేయాలి. పేరిన నెయ్యిని వేడి కరిగించినట్టే ఇదీ. రెండు రోజులు చేసి మానేస్తే ఫలితముండదు, వారాల తరబడి సాగాలి. ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు, తెర చూసేటప్పుడు ప్రతి 20 నిమిషాలకోసారి దూరంగా చూసి రెప్పలు పూర్తిగా మూయడం, ముఖం మీదికి ఫ్యాన్ గాలి తగలకుండా చూసుకోవడం, పడవ మీదా బండి మీదా పక్కలు మూసిన చలువ కళ్లద్దాలు పెట్టుకోవడం దీనికి తోడు.

చేయకూడనిదీ ఉంది. మందుల దుకాణంలో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు రెండు రోజుల్లో ఎరుపు తగ్గిస్తాయి. పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు. పోయిన చూపు తిరిగి రాదు. కంట్లో నొప్పి, వెలుగు చూడలేకపోవడం, చూపు ఉన్నట్టుండి తగ్గడం, నోరు కూడా ఎండిపోతూ కీళ్లు నొప్పులు పుట్టడం వంటివి ఉంటే కాపడంతో కాలక్షేపం చేయకూడదు, వైద్యుణ్ని కలవాలి.

రెండు మూడు నెలలు ఇవన్నీ శ్రద్ధగా చేసినా తగ్గకపోతే, పరీక్షలో లోపం నూనె గ్రంథులదేనని తేలితే, చర్మం రంగు అనుమతిస్తే, అప్పుడు కాంతి చికిత్స గురించి ఆలోచించవచ్చు. ఓడెక్కే ముందు వైద్యుణ్ని అడగాల్సిన ప్రశ్నలు నాలుగు: నా కళ్లలో తక్కువైంది నీరా, నూనెనా? నా చర్మానికి ఇది సురక్షితమేనా? మొత్తం ఎన్ని విడతలు, ఎంత ఖర్చు? తగ్గిన మంట ఎన్నాళ్లకు తిరిగి రావచ్చు? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట చికిత్స చేయించుకోకపోవడమే మేలు.