మడిలోని జీవులు, అలమారలోని నివేదికలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలలలో జంతుశాస్త్రం అభ్యసించే విద్యార్థులు కప్పలను, చేపలలోని పరాన్నజీవులను, పంటపొలాల కీటకాలను అంశాలుగా ఎంచుకొని ప్రాజెక్టు నివేదికలు సమర్పిస్తుంటారు. మార్కులు నమోదైన పిదప వాటిలో అనేకం అలమారలకే పరిమితమవుతాయి. వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్త వాటిని చూడడం అరుదు. నాగావళి, వంశధార, చంపావతి నదుల పరీవాహకంలోని చెరువులు, వరిమళ్ళే ఈ జీవులకు నివాసం. కనుక ఈ ఎడబాటు వలన నష్టపోతున్నది జంతుశాస్త్రం మాత్రమే కాదు, వ్యవసాయం కూడా.

స్థానిక సమాచారం ఎంత విలువైనదో చెప్పడానికి ఉల్లికోడు ఉదంతం చాలును. ఇతర ప్రాంతాలలో ఈ పురుగును తట్టుకొన్న ఫల్గుణ వంటి వరి రకాలు 1980వ దశకంలో ఉత్తర కోస్తాలో దానికి లొంగిపోయాయి. ఇక్కడి పురుగు వేరొక బయోటైపు అని, దానిని నాల్గవ బయోటైపుగా పరిగణించవలెనని పరిశోధనలు తేల్చాయి. పైకి ఒకే విధంగా కనిపించే కీటకం ప్రాంతాన్ని బట్టి స్వభావం మార్చుకొంటుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. ఉల్లికోడు పిల్లపురుగులను నశింపజేసే ప్లాటీగాస్టర్ ఒరైజే అనే చిన్న కందిరీగ ఏ మండలంలో, ఏ మాసంలో, ఎంత శాతం కనిపిస్తున్నదో లెక్కించడం ఒక విద్యార్థికి ఒక ఖరీఫ్‌లో సాధ్యమయ్యే పని. ఆ లెక్క లేనిచోట పురుగుమందు సిఫారసు ఊహపై ఆధారపడవలసి వస్తుంది.

కప్పల విషయంలోనూ ఇదే పరిస్థితి. తొలకరి వానలకు కప్పలు గుడ్లు పెట్టే కాలమూ, నాట్లు వేసే కాలమూ దాదాపు ఒక్కటే. నాటిన మూడు నుండి ఐదు రోజులలోపు పలుచగా నీరు నిలిపి బ్యుటాక్లోర్ వంటి కలుపుమందులు వేయడం రైతులకు అలవాటైన పద్ధతి. ఈ మందు తోకకప్పలకు హానికరమని ప్రయోగశాల అధ్యయనాలు చూపాయి. అయితే పొలంలో జరిగేదేమిటో తెలియాలంటే మందు వేసిన మడిలోను, వేయని మడిలోను తోకకప్పలను వారం వారం లెక్కించాలి. కప్పకాళ్ళ ఎగుమతిని భారత ప్రభుత్వం 1987లో నిషేధించింది. వేట నుండి కాపాడిన కప్పను మడినీటిలో కోల్పోతున్నామా అన్నది తేలవలసిన ప్రశ్న.

చేపల పరాన్నజీవుల అధ్యయనం కేవలం మత్స్యశాఖకు సంబంధించినదని భావించడం సరికాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి ఘనమైన సంప్రదాయం ఉన్నది. భారతీయ సముద్ర చేపలలోని ట్రెమటోడులపై ఆర్. మాధవి, రాడ్నీ బ్రే రచించిన గ్రంథం 2018లో వెలువడింది. చెరువు చేపలో ట్రెమటోడు కనిపించినదంటే, దాని జీవితచక్రంలో భాగమైన నత్త ఎక్కడ ఉన్నదన్న ప్రశ్న ఉదయిస్తుంది. ఆ చెరువులోనే పశువులూ నీరు త్రాగుతాయి. పశువులకు గురకవ్యాధి కలిగించే షిస్టోసోమా నాసేల్‌ను వ్యాపింపజేసేది ఇండోప్లానార్బిస్ నత్త. చేపను పరిశీలించే విద్యార్థి గట్టుననున్న నత్తలను కూడా నమోదు చేసినచో పశువైద్యునికి అది ముందస్తు సమాచారం కాగలదు.

విద్యార్థుల నివేదికలు విశ్వసనీయం కావన్న ఆక్షేపణలో కొంత నిజమున్నది. ఫొటో చూసి జాతి నిర్ధారించడం, సేకరించిన తేదీ, గ్రామం వ్రాయకపోవడం, నమూనా భద్రపరచకపోవడం సాధారణ లోపాలు. అయితే ఇవి శిక్షణతో తొలగే లోపాలే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం జంతు విచ్ఛేదనాన్ని క్రమంగా తగ్గించవలెనని 2011లో మార్గదర్శకాలిచ్చింది. కప్పలను అరుపును బట్టి, ఫొటోను బట్టి నమోదు చేసి నీటిలోనే విడిచిపెట్టవచ్చును. అంగడిలో అమ్మకానికి వచ్చిన చేపల మొప్పలను, ప్రేగులను పరీక్షించవచ్చును. కీటకాలకు దీపపు ఎర, వలచేత పట్టడం ఉండనే ఉన్నవి.

చేయవలసినవి కొన్నే. నైరా వ్యవసాయ కళాశాల విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెలలో నివసించే కాలంలో, సమీప డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విద్యార్థులను వారితో జతపరచాలి. తేదీ, గ్రామం, పంట దశ, వాడిన మందు తప్పనిసరిగా ఉండే ఒకే నమోదు పత్రాన్ని ఇరువురూ వాడాలి. వెదకినా కనిపించని జీవిని కూడా నమోదు చేయాలి. పది సంవత్సరాల తరువాత పోల్చిచూచుటకు అదే ఆధారం. నమూనాలను సంఖ్య వేసి ఒకచోట భద్రపరచాలి. రాగోలు, ఆమదాలవలస కేంద్రాల శాస్త్రవేత్తలు ఈ ప్రాజెక్టుల మౌఖిక పరీక్షలలో పాల్గొనాలి. ప్రతి నివేదికకు తెలుగులో ఒక పుట సారాంశం జతచేసి రైతు సేవా కేంద్రానికి పంపాలి.

వీటికి కొత్త నిధులు గాని, కొత్త పదవులు గాని పెద్దగా అవసరం లేదు. రెండు విభాగాల మధ్య ఒక ఉత్తరం, ఒక నమోదు పత్రం చాలును. రాబోయే ఖరీఫ్ నాట్లకు ముందే అవి సిద్ధం కావలసి ఉన్నది. తోకకప్పలు మడిలో ఉండేది కొద్ది వారాలు మాత్రమే.